బంతిపూల పేజీ

జూన్ 8, ఆదివారం

ఈ డైరీ కాగితం మరీ పల్చన. ఒకవైపు ఫెవికాల్ రాస్తే రెండోవైపుకు తేలుతుంది. అంటించే పనికి రాదు. కింది ఇంట్లో ఉండే మా ఓనరు అరుణక్క, వాళ్ల దుకాణంలో అమ్ముడుపోక మిగిలిందని ఊరికే ఇచ్చింది. పారెయ్యబుద్ధి కాక రాస్తున్నాను.

మా అమ్మాయి దీప తన క్లాసు పిల్ల పుట్టినరోజుకు ఫోటోల పుస్తకం చేసింది. స్క్రాప్‌బుక్ అంటారట. నల్ల అట్టల మీద ఫోటోలు, చుట్టూ కాగితం పూలు, ఒకచోట చిన్న కిటికీ. కిటికీ తెరిస్తే లోపల ఇంకో ఫోటో. అది పట్టుకొని కేకు కోయడానికి పోయింది. మిగిలిన రంగు కాగితాలు, వంకర్ల కత్తెర, పూల ఆకారంలో చిల్లు పొడిచే పంచు, అన్నీ నా మంచం మీద పోసి పోయింది. నర్సింగ్ చదువులో ఇల్లు సర్దడం లేదు కాబోలు.

సర్దుదామని కూర్చున్నాను. రెండు పూలు చేశాను.

ఆయన రాలేదు. డోర్నకల్‌లో డ్యూటీ ఉండి ఉంటుంది. రైల్వేలో ఆదివారం, సోమవారం అని ఉండదు.

జూన్ 10

పెట్టె తీశాను. అడుగున అత్తమ్మ ఇచ్చిన ఫోటోల సంచి ఉంది. వర్ధన్నపేట అవతల ఊళ్లో వాళ్ల ఇల్లు కురిసినప్పుడు, "నువ్వు సదువుకున్నదానివి, పైలంగ పెట్టు బిడ్డా" అని నా చేతిలో పెట్టింది. పది పాసయితే ఫోటోలకు బూజు పట్టకుండా చూడటం వస్తుందని ఆమె నమ్మకం. నేను పైలంగానే పెట్టాను. బూజు కూడా పైలంగానే పట్టింది.

మెత్తని గుడ్డతో తుడిచి, మంచం మీద ఆరబెట్టాను. ఇంటిల్లిపాది మంచం మీద వెల్లకిలా పడుకున్నట్టుంది.

వీటిని ఒక పుస్తకంగా చేసి అత్తమ్మకు ఇవ్వాలి. ఖాళీగా ఉండలేక కాదు.

జూన్ 13

ఫోన్‌లో వీడియోలు చూస్తున్నాను. ఆ అమ్మాయి తెల్లని బల్ల మీద తెల్లని చేతులతో ఏమేమో తీస్తుంది. ఫోటో వెనక పెట్టే రంగు అట్ట ఒక్కటే మన కూరగాయల సంచంత ఖరీదు. అరుణక్కతో చెప్తే నవ్వి, అటక మీది నుంచి ఒక మూట దించింది. అన్నీ పెండ్లిపత్రికలు. వాళ్లది బజారులో దుకాణం కాబట్టి హనుమకొండలో ఎవరి పెండ్లయినా వాళ్లకు పత్రిక వస్తుంది. మీద వినాయకుడుంటాడు కనుక చెత్తలో వెయ్యలేరు, కాళ్లకింద పడనియ్యలేరు. ఏండ్ల నుంచి అటక మీద ఉన్నాయి.

మంచి దళసరి అట్టలు. బంగారు అంచులు, ఎర్ర మఖ్మల్ కాగితం, జాలీ కత్తిరింపులు. వినాయకులను ముందు పదిలంగా కోసి స్వీటు డబ్బాలో వేశాను. డబ్బా నిండిపోయింది. నిమజ్జనం నాడు అందరినీ కలిపి చెరువులో వేద్దామంది అరుణక్క.

జిగురు కూడా మార్చాను. ఫెవికాల్ ఎక్కువైతే కాగితం తడికి అలలు తేలుతోంది. మైదాపిండి ఉడికించి, కొంచెం మైలుతుత్తం కలిపితే పురుగు కూడా పట్టదు. మా బడిలో పుస్తకాలకు అట్టలు అట్లాగే వేసేవాళ్లం. పల్చగా పూసి, మీద రాత్రంతా సన్నికల్లు పెడితే అట్ట పలకలా వస్తుంది.

పూలు పేర్చడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. బతుకమ్మ పేర్చిన చేతులు. పెద్దవి కింద, చిన్నవి మీద, నడుమ ఖాళీ కనపడకుండా.

జూన్ 15, ఆదివారం

రాలేదు.

దీపతో మాట్లాడుతున్నాడు రోజూ. నేను వంటింట్లో ఉన్నాను, వినాలని కాదు, స్పీకర్ పెట్టి మాట్లాడుతుంది ఈ పిల్ల. అక్కడ మెస్సులో వంటాయన టమాట పప్పు మంచిగ చేస్తున్నాడట. మంచిదే. తిని బలంగా ఉండాలి మనిషి, పట్టాల పని.

దీప ఫోన్ నా వైపు చాపి, "అమ్మా, డాడీ" అన్నది. చేతికి జిగురుందని చూపించాను. జిగురు ఉన్న మాట నిజమే.

జూన్ 18

ఇవాళ చేసిన పేజీ యాకమ్మ వదిన కొత్త ఇంటిది. వదిన అంటే ఆయన అక్క. మే నెలలో ఇంట్లోకి పోయినప్పటి ఫోటో. గడపకు కాగితంతో మామిడాకులు చేసి కట్టాను. ఆకుపచ్చ పత్రికను నిలువుగా మడిచి, గోటితో ఈనెలు గీస్తే అచ్చం ఆకే. గడపను మడత పెట్టాను. లేపితే లోపల వదినా వాళ్ల ఇంటాయన పాలు పొంగిస్తుంటారు. బాగా వచ్చింది.

ఆ రోజు బాగా లేదు.

పంక్తిలో వడ్డిస్తున్నాను. అత్తమ్మ చేతిలో బూరె పట్టుకొని, "సామాను ఎప్పుడు సదురుతరు బిడ్డా, డోర్నకల్ల క్వార్టర్ దొరికిందట గదా" అన్నది. నాకు తెలియదు. బదిలీ సంగతి తెలుసు, క్వార్టర్ సంగతి తెలియదు. క్వార్టరుకు కాగితం పెట్టిన సంగతే తెలియదు. వరుస మొత్తం నా మొఖం చూసింది. ఆయన పెరుగు కలుపుకుంటున్నాడు.

"ఎవలకు దొరికిందో వాళ్లనే పొమ్మను అత్తమ్మా. నేను వాళ్ల మొఖం గూడ చూడ" అన్నాను.

"పోత" అన్నాడు ఆయన. చెయ్యి కడుక్కొని పోయాడు. పోయినవాడు పోయినట్టే ఉన్నాడు.

అదే పేజీలో ఇంకో ఫోటోలో నేను బూరెల గిన్నెతో నవ్వుతున్నాను. ఇది ఆ మాటకు ముందు తీసింది.

జూన్ 19

నిన్న రాసింది కోపంతో రాసింది కాదు. పేజీ గురించి రాస్తుంటే వచ్చింది.

జూన్ 22, ఆదివారం

కాగితం అంచును కత్తిరించకుండా తడివేలితో గీత గీసి చింపితే, నూలు పోగుల్లా తెల్లని అంచు వస్తుంది. మబ్బులు చేయడానికి బాగుంది. చాయనీళ్లలో ముంచి ఆరబెడితే కొత్త కాగితం పాతదవుతుంది. పాతదాన్ని కొత్తగా చేసేది మాత్రం ఏ వీడియోలోనూ లేదు.

వాన. బియ్యం అలవాటుగా ఎక్కువ పోశాను. రేపటికి పులిహోర.

జూన్ 25

దీప పుస్తకం మొత్తం చూసింది. మంచం మీద బోర్లా పడుకొని ఒక్కొక్క పేజీ తిప్పింది. మామిడాకుల గడప లేపి చూసింది, కిటికీలు తెరిచింది, లాగితే కదిలే రైలుబండిని నాలుగుసార్లు లాగింది. తర్వాత లేచి కూర్చుంది.

"అమ్మా, డాడీ ఏడి?"

ఉన్నాడు కదా అన్నాను. చూపించింది. తిరుపతి పోయినప్పటి ఫోటోలో ఆయన మొఖం మీద కాగితం గోపురం వచ్చింది. దీప మొదటి పుట్టినరోజులో ఆయన చెయ్యి మాత్రం ఉంది, కత్తి పట్టుకొని. పొలం ఫోటోలో మబ్బు కింద పోయాడు. యాకమ్మ వదిన పేజీలో గడప మడతలో సగానికి విరిగాడు.

లేఅవుట్ కోసం అట్లా వచ్చిందన్నాను. ఆ మాట వీడియోల్లో నేర్చుకున్నదే.

"అన్ని లేఅవుట్లల్ల డాడీయే అడ్డం వచ్చిండా" అని నవ్వి స్నానానికి పోయింది. దానికి ఆయన నోరే వచ్చింది.

జూన్ 26

మళ్లీ చూశాను. గోపురం పెద్దగానే ఉంది. కొంచెం చిన్నగా కోయాల్సింది.

జూన్ 29, ఆదివారం

లైన్ మీద పని ఉందట, రావడం లేదట. దీప చెప్పింది. నేను అడగలేదు.

నా మీద కోపం ఉంటే ఫోన్ చేసి తిట్టాలి. నేను ఎందుకు ముందు చెయ్యాలి. క్వార్టర్ తీసుకున్నది నేనా?

కాగితం చుట్టడం నేర్చుకుంటున్నాను. సన్నని పట్టీలుగా కోసి సూది చుట్టూ చుట్టాలి. గట్టిగా చుడితే బొట్టు, వదులుగా వదిలితే రేకు. నేను అన్నీ గట్టిగానే చుడుతున్నానని, కొంచెం వదలాలని దీప చెప్పింది.

జూలై 1

ఆయనకు ఒక పేజీ మొత్తం చేద్దామని కూర్చున్నాను. దీప అన్నదని కాదు. పుస్తకం అత్తమ్మకు కదా, కొడుకు లేని పుస్తకం ఏం చేసుకుంటుంది.

ఫోటో దొరికింది. రైల్వే ఉద్యోగానికి కాగితం పెట్టినప్పుడు తీయించుకున్నది, దాన్నే తర్వాత పెద్దది చేయించారు. నలుపు తెలుపు. చెవులు ముందు వచ్చి మనిషి వెనక వచ్చినట్టుంటాడు. మా పెండ్లిచూపులప్పుడు కూడా ఈ చెవులే ముందు చూశాను. నుదుటి మీద మాత్రం బూజు మరక పడింది. తుడిస్తే ఫోటో రంగే లేచేటట్టుంది. ఎర్ర పట్టీని గట్టిగా చుట్టి, ఆ మరక మీద అంటించాను. మరక పోయింది.

వెనక నల్ల అట్ట పెట్టాను. నలుపు తెలుపు ఫోటోకు నల్ల అట్ట అయితేనే కొట్టొచ్చినట్టు కనపడుతుంది. దాని చుట్టూ ఏం పెట్టాలో తోచలేదు. రేపు చూడాలి.

జూలై 3

బంతిపూలు పెట్టాను. పసుపు, నారింజ పత్రికలు వెతికి తీసి, సన్నని పట్టీలకు కుచ్చులు కోసి చుట్టాను. నిన్నంతా అదే పని. రెండు భుజాల మీది నుంచి కింద దాకా దండలా వాలేటట్టు పేర్చాను. ఇంత బాగా ఏ పేజీ రాలేదు. ముట్టుకుంటే పూలలాగే మెత్తగా ఉన్నాయి.

వీడియోల్లో ప్రతి పేజీకి ఒక పేరు పెడతారు. ఎక్కువ మెమరీస్ అని పెడతారు. బంగారు కాగితం మీద అక్షరాలు కోసి అంటించాను.

కుమారస్వామి జ్ఞాపకాలు.

ఆయన పేరు నేను రేషన్ కార్డుకు, దీప బడి ఫారాలకు తప్ప ఎక్కడా రాయలేదు. 'స్వా' కోయడం కష్టమైంది.

జూలై 4, శుక్రవారం

పేజీ ఆరింది. ఎండపడేటట్టు పెట్టి ఫోటో తీసి, చుట్టాల గ్రూపులో పెట్టాను. ఆయన కూడా ఉంటాడు అందులో. ఆయన చూడాలని కాదు. అందరూ చూస్తారు కదా.

మాట ఏమీ రాయలేదు. ఏం రాయాలో తోచలేదు.

ఫోన్ ఆఫ్ చేసి చార్జింగ్ పెట్టాను. ఆఫ్ చేస్తేనే ఎక్కుతుంది అది. మధ్యాహ్నం అన్నం తిని కాసేపు పడుకుంటాను.

జూలై 5

నిన్నటి సంగతి రాసి పెట్టాలి. రాయకపోతే ముందు ముందు నేనే నమ్మను.

మధ్యాహ్నం నిద్రలో ఉన్నాను. గేటు ముందు ఆటో ఆగింది, తర్వాత ఇంకో ఆటో. మెట్ల మీద ఏడుపు. తలుపు తీసేసరికి అత్తమ్మ, జుట్టు విరబోసుకొని, వెనక యాకమ్మ వదిన, ఊరివాళ్లు. అత్తమ్మ నా మెడ చుట్టూ చేతులు వేసి గొంతెత్తింది.

మా దిక్కు ఏడుస్తూ వచ్చిన మనిషి మీద పడితే ముందు ఏడవాలి, తర్వాత అడగాలి. ఎవరని అడుగుతూ నిలబడితే ఆ మాట పదేండ్లు నిలబడుతుంది. నేను కూడా అందుకున్నాను. ఊళ్లో ఎవరో పెద్దమనిషి పోయి ఉంటారనుకున్నాను. ఎవరు పోయినా చుట్టమే కదా. మంచిగానే ఏడ్చాను. వదిన నా వీపు నిమురుతోంది.

అప్పుడు అత్తమ్మ శోకంలో పేరు వచ్చింది.

"రైలు పట్టాల నడుమ నీకేమైందిరా నా కుమారూ, ఆలిని పిల్లను ఎవలకు అప్పజెప్పి పోతివిరా కొడుకా."

నా ఏడుపు ఆగిపోయింది. నేను ఎవరినీ ఏమీ అడగలేదు. నిజమా అని కూడా అడగలేదు. ఆయన సంగతి ఏదైనా ముందు అత్తమ్మకే తెలుస్తుంది. క్వార్టర్ సంగతి ఆమెకే ముందు తెలిసింది. ఇది కూడా ఆమెకే ముందు తెలిసిందనుకున్నాను. నాకు అంతే తట్టింది. గోడకు ఆనుకొని కూర్చున్నాను.

అరుణక్క నీళ్లు తెచ్చింది. వాళ్లాయన రమాకాంత్ అన్న దుకాణం నుంచి వచ్చి, ఏడుపు కొంచెం తగ్గేదాకా నిలబడి, మెల్లగా అడిగాడు.

"ఎక్కడున్నడమ్మా ఇప్పుడు? డోర్నకల్ దవాఖాన్లనా? బండి మాట్లాడాలె గదా."

"కోడలికే ఎరుక" అన్నది అత్తమ్మ.

"నాకెట్ల ఎరుకుంటది అత్తమ్మా? నువ్వు వచ్చి చెప్తేనే గదా తెలిసింది."

"నేనేం చెప్పిన? నువ్వే గదనే, దండేసి బొట్టు పెట్టి ఫోన్ల ఫోటో పెట్టింది."

ఒకామె ముక్కు చీదడం సగంలో ఆపింది. అరుణక్క మూలకు పోయి, గోడకు ఆనించి ఉన్న పేజీని రెండు చేతులతో తెచ్చి అందరి నడుమ పెట్టింది. నల్ల అట్ట. నలుపు తెలుపు ఫోటో. బంతిపూల దండ. నుదుట ఎర్ర బొట్టు. కింద బంగారు అక్షరాలతో జ్ఞాపకాలు. అప్పటిదాకా నాకు అది పేజీ. అప్పుడు చూస్తే పెద్దకర్మ నాడు కుర్చీలో పెట్టే ఫోటో.

"మరి సచ్చిండని చెప్పిందెవలు?" అన్నాడు రమాకాంత్ అన్న.

ఎవరూ చెప్పలేదు. పొద్దున గ్రూపులో ముందు వదిన చూసిందట, నాకు చేస్తే ఫోన్ ఆఫ్, ఆయనకు చేస్తే ఎత్తలేదు. అంతే, అందరూ ఉరికి వచ్చారు. గ్రూపులో చూస్తే దండాలు, దీపాలు, ఆత్మకు శాంతి. ఆయన మేనత్త కొడుకు ఆయన మంచితనం గురించి పొడుగ్గా రాశాడు. బతికి ఉండగా ఇద్దరికీ పడేది కాదు.

నవ్వు రావాలి. రాలేదు. వదిన అన్నమాటే అందరి మనసులో ఉంది.

"ఏం గాకపోతే ఫోన్ ఎందుకు ఎత్తుతలేడు?"

ఫోన్ ఆన్ చేసి, వంటింట్లోకి పోయి ఆయనకు చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేశాను. నెల రోజులుగా నేను చెయ్యని ఫోన్లన్నీ నిన్న ఒక్కపూటే చేశాను. తర్వాత మోగడం కూడా ఆగిపోయింది.

దీప వచ్చింది. గేటు ముందు చెప్పులు చూసి మొఖం పాలిపోయి వచ్చింది. చెప్తే విని, వెంటనే తన ఫోన్ తీసింది. ఆయన వెంబడి పని చేసే గోపాల్ నంబరు దాని దగ్గర ఉంది. చేసింది. స్పీకర్ పెట్టింది. పొద్దటి నుంచి లైన్ మీద పనిలో ఉన్నామని, ఫోన్లు సామాన్ల గదిలో ఉన్నాయని చెప్పాడు గోపాల్.

"మీ డాడీ ఇప్పుడే బండెక్కిండు బిడ్డా. ఇంట్ల ఎవలో పోయిన్రట. ఏడ్సుకుంట పోయిండు."

అత్తమ్మ కొంగుతో మొఖం తుడుచుకుంది. జుట్టు ముడి వేసుకుంది. "జర చాయ పెట్టున్రే ఎవలన్న" అన్నది.

ఆ తర్వాత కూడా చుట్టాలు వస్తూనే ఉన్నారు. రమాకాంత్ అన్న గేటు దగ్గర కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. వచ్చినవాళ్లకు వచ్చినట్టు, "ఏం ఫికర్ లేదు, బతికే ఉన్నడు, పైకి పోయి చాయ తాగున్రి" అని చెప్పి పంపాడు. ఒకాయన పూలదండ తెచ్చాడు. దాన్ని ఏం చెయ్యాలో తెలియక అరుణక్క వాళ్ల దేవుడికి వేశారు.

దీపాలు పెట్టే వేళ ఆయన వచ్చాడు. అప్పుడే రమాకాంత్ అన్న పాలపాకెట్ల కోసం పోయాడు, గేటు దగ్గర చెప్పేవాళ్లు లేరు. నారింజరంగు డ్యూటీ కోటుతోనే ఉన్నాడు, మోకాళ్ల దాకా మట్టి. తలుపు దగ్గర నిలబడి అందరినీ చూశాడు. వాళ్లమ్మను చూశాడు, అక్కను చూశాడు, దీపను చూశాడు. ఇంకా వెతుకుతున్నాడు. నేను చాయ పళ్లెంతో వంటింటి తలుపులో ఉన్నాను.

నన్ను చూసి గడప మీద కూర్చున్నాడు. ఎవరో పట్టి కూర్చోబెట్టినట్టు.

"నువ్వు ఉన్నవ్ గదా" అన్నాడు.

పళ్లెం కింద పెట్టాను. పడలేదు, పెట్టాను.

తర్వాత తెలిసింది. పని దిగి ఫోన్ చూస్తే ఊరంతా చేసి ఉన్నారట. నాకు చేస్తే ఎంగేజ్. నేను ఆయనకు చేస్తున్నాను కదా, ఎట్లా కలుస్తుంది. దీపకు చేసేముందు ఊరికి చేస్తే, అక్కడ మిగిలిపోయిన మొగిలయ్య తాత ఎత్తాడట. "కుమారస్వామి ఇంట్ల చావైందట, అందరు హనుమకొండ పోయిన్రు, నువ్వు గూడ పో" అని పెట్టేశాడట. అవతల మాట్లాడేది కుమారస్వామే అని తాతకు తెలియదు. అంతటితో చార్జింగ్ అయిపోయింది. నా నంబరు నుంచి వచ్చిన ఫోన్లు ఇంకెవరో చేశారనుకున్నాడట. డోర్నకల్ నుంచి ఇక్కడిదాకా, పోయింది నేనే అనుకుంటూ వచ్చాడు.

"సచ్చిండన్న కబురొస్తే ఆయుష్షు పెరుగుతది, మంచిదే అయింది" అన్నది అత్తమ్మ.

"మరి నేను ఏడ్సిన ఏడుపంత ఎవల ఖాతల పోవాలె?" అన్నది వదిన. అప్పుడు అందరూ నవ్వారు.

అంతమందిని ఖాళీ కడుపుతో పంపలేము. అరుణక్క పెద్ద గిన్నె ఇచ్చింది. అన్నం, టమాట పప్పు. అది తొందరగా అవుతుందని చేశాను. ఆయన రెండోసారి వేయించుకున్నాడు. మెస్సు సంగతి ఎవరూ ఎత్తలేదు.

జూలై 6, ఆదివారం

అత్తమ్మ వాళ్లు నిన్న పొద్దున బస్సుకు పోయారు. పోయేముందు ఆ పేజీ కాల్చెయ్యమని చెప్పింది. సరే అన్నాను.

ఆయన ఉన్నాడు. ఇవాళ పొద్దున పుస్తకం ముందేసుకొని కూర్చున్నాడు. గోపురం వెనక తన చెవి కనపడుతోందని చూపించాడు. కోపం చేయలేదు. ఆఖరికి ఆ పేజీ దగ్గరికి వచ్చాడు.

"బొట్టెందుకు పెట్టినవే?"

"బూజు మరక ఉండె."

"పూలు?"

"ఊకెనే."

ఒక పువ్వు పట్టి లాగి చూశాడు. రాలేదు. మైదా ఉడికించి చేసిన జిగురు, ఎట్లా వస్తుంది.

"మొఖం చూడ అన్నదానివి, గింత పెద్దగ పెట్టుకున్నవ్" అన్నాడు.

నేను కత్తెర తుడుస్తున్నాను. క్వార్టర్ సంగతి నాకెందుకు చెప్పలేదని అడిగాను. మే నెల నుంచి ఇది నోట్లోనే ఉంది, ఇంత సులువుగా బయటికి వస్తుందనుకోలేదు. ఆయన పేజీ అంచును బొటనవేలితో సాపు చేశాడు.

"అమ్మకు చెప్తే మంచిది కొడుకా అంటది. నీకు చెప్తే ఎందుకు అంటవ్. ఆ ఎందుకుకు నా దగ్గర జవాబు లేకుండె. దొరికినంక చెప్దామనుకున్న."

"అడిగి చూడకపోయినవా."

"ఇప్పుడు అడుగుతాన్న. వస్తవా?"

దీప పక్క గదిలో చదువుతోంది. పేజీలు తిప్పిన చప్పుడు లేదు.

దీప చదువు ఇక్కడుందని అన్నాను. ఎరుకే అన్నాడు. ఉన్నన్ని రోజులు ఇక్కడ, ఉన్నన్ని రోజులు అక్కడ, నీ ఇష్టం అన్నాడు. గోడలు ఖాళీగా ఉన్నాయట. చూస్తానన్నాను. ఎప్పుడు అంటే, చెప్తానన్నాను. బలవంతం చేయలేదు. సాయంత్రం బండికి పోయాడు. టిఫిన్ డబ్బాలో పప్పు పెట్టాను.

జూలై 8

బొట్టు సూదితో ఊడదీశాను. కింద మరక అట్లాగే ఉంది. ఉండనీ. మరక ఉన్న మనిషి బతికి ఉన్నట్టే కనపడుతున్నాడు.

జ్ఞాపకాలు అన్న అక్షరాలు కూడా తీశాను. పేరు ఉంచాను. 'స్వా' కోసిన కష్టం నాకు తెలుసు.

పూలు ఉంచమని పోయేముందు ఆయనే చెప్పాడు. దీప ఒక ఉపాయం చెప్పింది, పక్కన నా ఫోటో కూడా పెడితే పెండ్లి ఫోటోలాగా ఉంటుందట.

"అప్పుడు ఇద్దరం పోయినమనుకుంటరు" అన్నాను.

అది పడి పడి నవ్వింది.

జూలై 10

గోపురం చిన్నది చేశాను. మబ్బును కొంచెం పక్కకు జరిపాను. గడప మడత మార్చడం కుదరలేదు, ఆయన అక్కడ విరిగే ఉన్నాడు.

జూలై 12, శనివారం

పొద్దున పట్టీలు కోస్తుంటే ఫోన్ మోగింది. నా ఫోన్. దీప కాలేజీలో ఉందని చెప్పబోయాను, ఎరుకే అన్నాడు.

క్వార్టర్ వెనక సామాన్ల కొట్టంలో కుక్క పిల్లలు పెట్టిందట. నలుపువి, గోధుమరంగువి, ఒకటి మాత్రం తెల్లది. వాన పడుతోందని గోనెసంచి కప్పాడట. తల్లి దగ్గరికి రానివ్వడం లేదట, గుర్రుమంటోందట. ఆ తెల్లదానికి చెవులు పెద్దవట. ఫోన్‌లో ఏదో గూడ్సుబండి చప్పుడు వచ్చింది, అది పోయేదాకా ఆగాను.

"అత్తమ్మకు చెప్పినవా?" అని అడిగాను.

"లే. నీకే ముందుగాల."

రేపు పొద్దుటి బండికి నేను, దీప పోయి చూసి వస్తాం. ఖాళీ గోడకు ఏది పడుతుందో కొలిచి రావాలి, కత్తెరా జిగురూ సంచిలో పెట్టాను. కుక్కకు పాత దుప్పటి ఒకటి తీశాను.

అత్తమ్మకు ఇంకా తెలియదు.